దూరం నుంచి యంత్ర పరీక్ష: వీడియో కాల్‌లో ఏం చూడాలి, ఏం నమ్మకూడదు

(మన పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



యాభై ఏళ్ల గుర్తుగా మన మండల కేంద్రంలోని ట్రస్టు ఆసుపత్రికి ఒక పోర్టబుల్ ఎక్స్‌రే యంత్రం ఇవ్వాలని మన కార్యవర్గం తీర్మానించింది. వీలైతే జేబులో పట్టే అల్ట్రాసౌండ్ స్కానరు కూడా ఇద్దామని కొందరు మిత్రులు ఉత్సాహపడుతున్నారు. చందాలు ఇచ్చేవాళ్లు హైదరాబాద్‌లో, బెంగళూరులో, డాలస్‌లో, మెల్‌బోర్న్‌లో ఉన్నారు. అమ్మే సంస్థల షోరూములు పెద్ద నగరాల్లో ఉన్నాయి. వాడే ఆసుపత్రి ఇక్కడ ఉంది. అందరూ ఒక్కచోట చేరడం కుదరదు కాబట్టి వీడియో కాల్‌లో చూసి కొనేద్దాం అన్నారు. ఆసుపత్రుల్లో వైద్య పరికరాల ఇంజినీరుగా పనిచేసినవాణ్ణి కాబట్టి, అది ఎలా చేయాలో చెప్పమని నన్ను నిలబెట్టారు.

చెప్పదలచింది ముందే చెప్పేస్తాను. వీడియో కాల్‌లో చిత్రం నాణ్యతను తేల్చకూడదు. యంత్రం ఎలా నడుస్తుందో, దాన్ని వాడే మనిషికి అది ఎంత లొంగుతుందో, దాని కాగితాలు సరిగా ఉన్నాయో లేవో, ఈ మూడూ తేల్చవచ్చు. చిత్రం కోసం అసలు ఫైళ్లు తెప్పించుకోవాలి. ఈ తేడా తెలిస్తే వీడియో కాల్ మంచి సాధనం. తెలియకపోతే అది ఖరీదైన సినిమా.

మోసుకెళ్లే ఎక్స్‌రే కొత్త ఆలోచన కాదు. రాంట్‌జెన్ 1895 నవంబరు 8న ఎక్స్ కిరణాలను కనుగొన్నాడని మా సైన్సు మాస్టారు చెప్పారు. ఆ తర్వాత ఇరవై ఏళ్లు తిరగకుండానే, 1914లో మొదటి ప్రపంచ యుద్ధం మొదలయ్యాక, మేరీ క్యూరీ మోటారు బండ్లలో ఎక్స్‌రే పరికరాలు అమర్చి యుద్ధరంగానికి తీసుకెళ్లింది. అలాంటి బండ్లు సుమారు ఇరవై తయారయ్యాయి. బండి ఇంజను తిప్పే డైనమో నుంచే కరెంటు. ఆమె కూతురు ఐరీన్ టీనేజీలోనే తల్లికి తోడుగా ఆ పని చేసింది. ఇప్పుడు ఆ బండి అంతా కుంచించుకుపోయి, నాలుగు కిలోల లోపు బరువుండే యంత్రాలు వచ్చాయి. 15 ఏళ్లు, అంతకు పైబడినవారిలో క్షయ వడపోతకు ఛాతీ ఎక్స్‌రేలను కంప్యూటర్ సాయంతో చదివించవచ్చని 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేసింది. మన దేశంలో 2024 డిసెంబరు 7న మొదలైన వంద రోజుల టీబీ కార్యక్రమంలో చేతితో పట్టుకొనే ఎక్స్‌రే యంత్రాలను ఊళ్లకు తీసుకెళ్లారు. మంచం దిగలేని ముసలివాళ్ల దగ్గరకు, జ్వరం దగ్గుతో పనికెళ్లే కూలీల దగ్గరకు యంత్రమే వెళ్లగలదన్నమాట. అందుకే మనం ఇవ్వబోయేది మంచి కానుకే. అది పనిచేయాలి, అంతే.

చిత్రాన్ని ఎందుకు నమ్మకూడదు

ఎక్స్‌రే డిటెక్టరు ఇచ్చే చిత్రంలో ఒక్కొక్క చుక్కకు సాధారణంగా 12 నుంచి 14 బిట్ల సమాచారం ఉంటుంది. 12 బిట్లంటే 4,096 ఛాయలు, 14 బిట్లంటే 16,384. మన ఫోను తెరకు చేరే మామూలు వీడియోలో ఉండేది 8 బిట్లు, అంటే 256 ఛాయలు. అంతటితో ఆగదు. నెట్ మీద ఆగకుండా సాగాలంటే వీడియోను కుదించాలి. కుదించేటప్పుడు కంటికి పెద్దగా తెలియని సన్నని వివరాలను ముందు తీసేస్తారు. ఊపిరితిత్తిలో చిన్న మచ్చ, పక్కటెముకలో వెంట్రుకంత పగులు, సరిగ్గా ఆ సన్నని వివరాల్లోనే ఉంటాయి. పైగా ఫోను కెమెరా తనంతట తానే వెలుతురు సర్దుకుంటుంది. మానిటరు మీద పెడితే అలల్లాంటి చారలు వస్తాయి.

ఇందులో ఇంకో అన్యాయం కూడా ఉంది. వీడియో కాల్ చెడ్డ యంత్రం లోపాన్ని దాచినట్టే, మంచి యంత్రానికి లేని లోపాన్ని అంటగడుతుంది. అల్ట్రాసౌండ్‌లో గుండె కవాటం కుదుపులతో కదులుతున్నట్టు కనిపిస్తే అది స్కానరు తప్పో, నెట్ తప్పో మనకు తెలియదు. శబ్దం సంగతీ అంతే. కాల్ యాప్‌లు ఫ్యాను హోరు లాంటి ఆగని చప్పుళ్లను తొలగిస్తాయి. యంత్రం మూలుగుతున్నా మనకు నిశ్శబ్దంగానే వినిపిస్తుంది. ఆ సదుపాయాన్ని ముందు ఆపించాలి.

కాబట్టి చిత్రాలను డైకామ్ ఫైళ్లుగానే అడగండి. వైద్య చిత్రాలకు ప్రపంచమంతా వాడే ఫైలు పద్ధతి అది. వాట్సాప్‌లో ఫొటోగా పంపిస్తామంటే వద్దనండి. డైకామ్ ఫైలును మన రేడియాలజిస్టు మిత్రులు తమ తెర మీద తెరిచి, వెలుగునీడలు మార్చుకుంటూ తీరిగ్గా చూసి చెబుతారు. అది కాల్ అయ్యాక చేయాల్సిన పని. కాల్ జరుగుతుండగా "అబ్బ, ఎంత క్లియర్‌గా ఉందో!" అని ఎవరూ అనవద్దు. ఆ మాట అమ్మేవాడి చెవిన పడితే బేరం అక్కడితో ముగుస్తుంది.

నోటుబుక్కు కాదు, బోర్డు

మన లెక్కల మాస్టారు నోటుబుక్కులో సరైన జవాబు చూసి మార్కులు వేసేవారు కాదు. బోర్డు దగ్గరకు పిలిచి, అంకెలు మార్చి, మళ్లీ చేయమనేవారు. వీడియో కాల్‌లో మనం చేయాల్సిందీ అదే. సంస్థవాళ్లు తయారుచేసుకొచ్చిన ప్రదర్శన నోటుబుక్కు. అప్పటికప్పుడు మనం అడిగి చేయించేది బోర్డు.

ఒకసారి ఒక విక్రేత ప్రతినిధి అల్ట్రాసౌండ్ స్కానరుతో కాలేయాన్ని అద్భుతంగా చూపిస్తున్నాడు. "ప్రోబ్ ఒక్క క్షణం పైకి ఎత్తండి" అన్నాను. ఎత్తాడు. తెర మీద కాలేయం మాత్రం కదులుతూనే ఉంది! అది ముందే దాచిపెట్టుకున్న వీడియో ముక్క. ఆయన నవ్వి, తెర మార్చి, అసలు స్కాన్ చూపించాడు. అసలుది అంత బాగాలేదు.

అందుకని ఏర్పాట్లు ఇలా ఉండాలి. అందరూ వీడియోలో ఉన్నా ఒక్క మనిషి మాత్రం యంత్రం దగ్గర ఉండాలి. ఆ మనిషి డాలస్ డాక్టరు కాదు, నేనూ కాదు, రేపు దాన్ని రోజూ వాడబోయే మన ట్రస్టు ఆసుపత్రి ఎక్స్‌రే టెక్నీషియన్. ఆయన బస్సు టికెట్టు, ఒక పూట భోజనం మన సంఘం పెట్టుకోవాలి. మొత్తం వ్యవహారంలో అంతకన్నా లాభసాటి ఖర్చు లేదు. యంత్రం ఆయన చేతిలో ఉండాలి, విక్రేత చేతులు కట్టుకొని నిలబడాలి. రెండు ఫోన్లు కావాలి. ఒకటి స్టాండు మీద గది మొత్తం చూపిస్తూ కదలకుండా, రెండోది దగ్గరగా చూపించడానికి. గోడ గడియారం కనిపించాలి. మన వైపు నుంచి ఒక్కరే మాట్లాడాలి, మిగతావాళ్లు ప్రశ్నలు రాసి ఆయనకు పంపాలి. ఇరవై మంది ఒకేసారి మాట్లాడితే అది మన బ్యాచ్ వాట్సాప్ గ్రూపు అవుతుంది కానీ పరీక్ష కాదు. అవతలివాళ్ల అనుమతితో రికార్డు చేసుకోవాలి.

ఎక్స్‌రే యంత్రానికి పరీక్షలు

అన్నిటికంటే ముందు ఒక నియమం. ప్రదర్శన కోసం ఏ మనిషికీ ఎక్స్‌రే తీయకూడదు. టెక్నీషియన్‌కు కాదు, ఆఫీసు కుర్రాడికి కాదు, "నా చెయ్యి పెడతా, ఏం కాదులెండి" అనేవాళ్లకీ కాదు. వైద్యపరమైన అవసరం లేకుండా రేడియేషన్ ఇవ్వకూడదన్నది రేడియేషన్ రక్షణలో మొదటి సూత్రం. అనుమతి ఉన్న గదిలో, జనం లేని వైపుకు, వస్తువుల మీద మాత్రమే తీయించాలి. ఎవరైనా మనిషిని నిలబెట్టి చూపిస్తామంటే అక్కడే కాల్ ఆపేయండి.

మొదట యంత్రం వెనకున్న నేమ్ ప్లేటు చూపించమనండి. మోడల్, సీరియల్ నంబరు, తయారీ తేదీ మనకు పంపిన కొటేషన్‌తో సరిపోవాలి. మనం కొనబోయేది ఇదేనా, ఇది ప్రదర్శన కోసం ఉంచిన వేరే మోడలా అన్నది ఇక్కడే తేలుతుంది.

తర్వాత యంత్రాన్ని పూర్తిగా ఆపి మళ్లీ వేయించండి. ఆన్ చేసినప్పటి నుంచి మొదటి షాట్‌కు ఎంతసేపు, షాట్ నుంచి తెర మీద చిత్రానికి ఎంతసేపు, గడియారం చూసి రాసుకోండి. డిటెక్టరుకు, ల్యాప్‌టాప్‌కు మధ్య వైఫై తెంపి మళ్లీ కలపమనండి. తీసిన చిత్రం పోయిందా, నిలిచిందా? మన ఊళ్లో కరెంటు ఎప్పుడు పోతుందో చెప్పలేం కాబట్టి ఛార్జరు పీకేసి బ్యాటరీ మీద వరుసగా షాట్లు తీయించండి. బ్రోచర్‌లో రాసిన సంఖ్యకు అది ఎంత దగ్గరగా ఉందో చూడండి.

మూడు తేలికైన షాట్లు చాలా చెబుతాయి. మొదటిది, డిటెక్టరు మీద ఏమీ పెట్టకుండా ఒక షాట్. చిత్రమంతా సమంగా ఉండాలి. గీతలు, పట్టీలు, చచ్చిన చుక్కలు ఉంటే ఇక్కడే బయటపడతాయి. రెండోది, ఒకే సెట్టింగ్‌లో వరుసగా మూడు షాట్లు. తెర మీద వచ్చే ఎక్స్‌పోజర్ ఇండెక్స్ మూడింటిలోనూ దాదాపు ఒకటే ఉండాలి. మూడోది, లైన్ పెయిర్ పలక మీద షాట్. అది లేకపోతే మన టెక్నీషియన్ సంచిలో ఒక స్టీలు టీ జల్లెడ, స్టీలు స్కేలు పట్టుకెళ్లాలి. జల్లెడ తీగలు మధ్యలోనూ మూలల్లోనూ ఒకే పదునుతో కనిపిస్తున్నాయా చూడాలి. ఇది కచ్చితమైన కొలత కాదు, తొలి వడపోత మాత్రమే. ఈ అయిదు చిత్రాలూ డైకామ్ ఫైళ్లుగా పెన్‌డ్రైవ్‌లో ఆయనతో పాటే రావాలి.

ఇప్పుడు రెండు చిన్న లెక్కలు. మాస్టారు ఉన్నారు కాబట్టి జాగ్రత్తగా చెబుతాను. డిటెక్టరు పిక్సెల్ 0.14 మిల్లీమీటర్లు అనుకోండి. ఒక గీత, ఒక ఖాళీ చూపించడానికి కనీసం రెండు పిక్సెళ్లు కావాలి, అంటే 0.28 మిల్లీమీటర్లు. ఒక మిల్లీమీటరులో అలాంటి జతలు సుమారు మూడున్నరకు మించి పట్టవు. బ్రోచర్‌లో అయిదు అని రాసి ఉంటే ఎలా సాధ్యమో అడగండి.

రెండోది మరీ ముఖ్యం. ఛాతీ ఎక్స్‌రేకు 2.5 మిల్లీయాంపియర్ సెకన్లు కావాలనుకుందాం. 200 మిల్లీయాంపియర్ల పెద్ద యంత్రం దాన్ని సెకనులో ఎనభయ్యో వంతులో ముగిస్తుంది. చేతి యంత్రం 5 మిల్లీయాంపియర్లే ఇవ్వగలిగితే అరసెకను పడుతుంది. ఆ అరసెకనులో గుండె కొట్టుకుంటుంది, దగ్గే మనిషి కదులుతాడు, పట్టుకున్న చేయి వణుకుతుంది. చిత్రం అలుక్కుపోతుంది. అందుకే కిలోవోల్టులు ఒక్కటే కాదు, మిల్లీయాంపియర్లు ఎన్నో కూడా అడగాలి. చేతి యంత్రమైనా స్టాండు, దూరం నుంచి నొక్కే స్విచ్ ఉండాల్సిందే. ఇంకో కారణం కూడా ఉంది. దూరం రెట్టింపైతే రేడియేషన్ తీవ్రత నాలుగో వంతుకు పడిపోతుంది. రోజూ వాడే మనిషికి ఆ రెండడుగులు దూరమే రక్ష.

అల్ట్రాసౌండ్ స్కానరుకు పరీక్షలు

అల్ట్రాసౌండ్‌ను దూరం నుంచి పరీక్షించడం కొంత సులువు. ప్రోబ్‌కు జెల్లీ రాయకుండా గాలిలో పట్టుకోమనండి. తెర పైభాగంలో అడ్డంగా సమమైన వెలుగు పట్టీలు రావాలి. వాటి మధ్య నిలువుగా నల్లని చారలు ఉంటే ప్రోబ్‌లో కొన్ని స్ఫటికాలు పనిచేయడం లేదనో, పైపొర ఊడిందనో అనుమానించాలి. తర్వాత కొంచెం జెల్లీ రాసి, వంచిన పేపర్ క్లిప్ అంచును ప్రోబ్ ముఖం మీద ఈ చివర నుంచి ఆ చివరకు నెమ్మదిగా నడిపించమనండి. తెర మీద వెలుగు గీత దాంతో పాటే నడవాలి. ఎక్కడ మసకబారితే అక్కడ లోపం. పెద్ద మరకలు కనుక వీడియోలోనూ ఇవి చాలావరకు తెలుస్తాయి.

ఇంకొకటి నీళ్లతో. గిన్నెలో నీళ్లు పోసి, ప్రోబ్‌కు సరిగ్గా 10 సెంటీమీటర్ల దూరంలో ఒక స్టీలు ముక్క ఉంచి కొలవమనండి. తెర మీద 10 వస్తే బాగుందనుకుంటాం. కానీ యంత్రం ధ్వని వేగాన్ని సెకనుకు 1,540 మీటర్లుగా లెక్కిస్తుంది, అది మన శరీర కణజాలానికి సగటు. 25 డిగ్రీల నీళ్లలో వేగం సుమారు 1,497 మీటర్లే. కాబట్టి 10 సెంటీమీటర్లు యంత్రానికి దాదాపు 10.3గా కనిపించాలి. అమ్మేవాడికి ఈ కారణం తెలుసా అని అడిగి చూడండి. తెలిసినవాడైతే రేపు యంత్రం చెడిపోయినప్పుడు కూడా మనకు పనికొస్తాడు.

పెట్టెలో పెట్టుకొని రావద్దు

ఇక్కడ విదేశాల్లోని మన సభ్యులకు ఒక మాట. స్కానరు అక్కడే కొని, వచ్చేటప్పుడు సూట్‌కేసులో తెచ్చి ఆసుపత్రికి ఇచ్చేస్తామని ఇద్దరు ముగ్గురు మంచి మనసుతో అన్నారు. దయచేసి ఆ పని చేయకండి. లింగ నిర్ధారణ పరీక్షల నిషేధ చట్టం 1994లో వచ్చింది, 1996 జనవరి 1 నుంచి అమల్లో ఉంది, 2003లో సవరణతో మరింత గట్టిపడింది. దాని కింద నమోదు కాని చోటికి అల్ట్రాసౌండ్ యంత్రాన్ని అమ్మకూడదు, సరఫరా చేయకూడదు, డబ్బు తీసుకున్నా సరే, ఊరికే ఇచ్చినా సరే. పోర్టబుల్ యంత్రాలను ఎక్కడ వాడవచ్చో కూడా నియమాలు హద్దులు గీశాయి. మన దేశంలో ఆడపిల్ల పుట్టకముందే పోయిన చరిత్ర వల్ల వచ్చిన చట్టం ఇది. చిరాకుపడాల్సింది కాదు. మన కానుక వల్ల ఆసుపత్రి డాక్టరమ్మ కేసుల చుట్టూ తిరిగే పరిస్థితి రాకూడదు.

ఎక్స్‌రేకు అణుశక్తి నియంత్రణ మండలి, అంటే ఏఈఆర్‌బీ, ఆమోదించిన మోడలే కొనాలి. ఆసుపత్రి ఈ-లోరా పోర్టల్‌లో అనుమతి తీసుకోవాలి. పనిచేసేవాళ్లకు రేడియేషన్ కొలిచే బ్యాడ్జీ ఉండాలి. నాణ్యత పరీక్షలు వీడియోలో కుదిరేవి కావు, మీటర్లతో వచ్చి చేయాల్సినవి. ఈ కాగితాల నకళ్లను కాల్‌కు ముందే తెప్పించుకోండి. కాగితం రాకపోతే కాల్ పెట్టుకోవద్దు.

సంఘం ముందు నా మూడు ప్రతిపాదనలు

ఒకటి. ఈ స్వర్ణోత్సవానికి ఎక్స్‌రే ఒక్కటే ఇద్దాం. అల్ట్రాసౌండ్ చదవగల అర్హులైన డాక్టరు ఆసుపత్రిలో క్రమంగా ఉంటారని, నమోదు పూర్తయిందని ట్రస్టు రాసి ఇచ్చిన రోజున దాని గురించి ఆలోచిద్దాం. యంత్రం ఉండి మనిషి లేకపోతే అది గుడ్డ కప్పిన బీరువా. రిబ్బను కోసిన ఫొటోలో మాత్రం బాగుంటుంది.

రెండు. పోగైన డబ్బంతా యంత్రానికి పెట్టవద్దు. వారంటీ తర్వాత విడిభాగాలతో సహా మరమ్మతు ఒప్పందానికి, బ్యాటరీకి, నాణ్యత పరీక్షలకు అయిదేళ్ల ఖర్చు లెక్కగట్టి బ్యాంకులో వేద్దాం. కాల్‌లోనే విక్రేతను అడుగుదాం: మీ సర్వీసు ఇంజినీరు ఏ ఊళ్లో ఉంటాడు? ఫోను కలపండి, ఇప్పుడే మాట్లాడతాం. మే నెలలో మన ఊరి ఎండ నలభై దాటుతుంది. మీ మాన్యువల్‌లో ఎన్ని డిగ్రీల వరకు పనిచేస్తుందని రాశారు? ఆ పేజీ చూపించండి.

మూడు. చివరి మాట టెక్నీషియన్‌ది కావాలి. మేమందరం డిగ్రీలున్నవాళ్లం, బాగుంది అనవచ్చు. ఆయన "బరువుగా ఉంది సార్, మెనూ నాకు అర్థం కాలేదు" అంటే ఆ యంత్రం వద్దు. రేపు రాత్రి పదకొండు గంటలకు ఆయాసంతో ఒక తాతను తీసుకొస్తే, దాన్ని ఎత్తి పట్టుకునేది ఆయనే. మేం అప్పటికి నిద్రపోతుంటాం, లేదా డాలస్‌లో ఆఫీసులో ఉంటాం.

ఈ మూడూ వచ్చే నెల కార్యవర్గ సమావేశంలో పెట్టి తీర్మానించమని కోరుతున్నాను. కాల్‌కు ముందు పంపాల్సిన కాగితాల జాబితా, కాల్‌లో చేయించాల్సిన పరీక్షల పట్టిక తెలుగులో రాసి కార్యదర్శిగారికి ఇచ్చాను. వేరే ఊళ్ల సంఘాలు అడిగినా ఇవ్వండి, మనకు పోయేదేమీ లేదు.